చదవకుండా చింపేసిన చీటీ

ఆ రోజు నేను చేసిన తప్పుకు అర నిమిషం కూడా పట్టలేదు. ఒక కవరును అడ్డంగా చింపి, కాళ్ల దగ్గరున్న చెత్తబుట్టలో పడేశాను. లోపల ఏం రాసి ఉందో చూడలేదు. కవరు మీది చేతిరాత ఎవరిదో తెలిసింది, నాకు అది చాలనిపించింది. ఎదురుగా మాస్కు పెట్టుకున్న ఒక కుర్రవాడు కూర్చుని ఉన్నాడు. అతనితో, "ఇంక నీకేం భయం లేదు, నీ ముఖం సంగతి నేను చూసుకుంటా" అన్నాను. ఏడు నెలల తర్వాత ఆ కుర్రవాడు చావు అంచు దాకా వెళ్లాడు.

నేను ఆత్మకూరులో ముప్పై మూడేళ్లు చర్మవ్యాధుల డాక్టరుగా ఉన్నాను. మొదట్లో వచ్చినవి గజ్జి, తామర, మానని పుండ్లు. చివరి పదేళ్లలో బోర్డు మారింది: చర్మం, జుట్టు, బరువు తగ్గించుట. ఇప్పుడు మానేశాను. ఈ మధ్య మన చిన్న ఊళ్లలో కూడా ఇలాంటి క్లినిక్కులు చాలా వస్తున్నాయి. వాటిలో డాక్టర్లుగా, నర్సులుగా, డైటు చెప్పేవాళ్లుగా, లేజరు పట్టేవాళ్లుగా చేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మెషీన్లు ఎలా వాడాలో కంపెనీవాళ్లు వచ్చి నేర్పుతారు. కుర్చీలో కూర్చున్న మనిషి మనసులో ఏముందో, దాన్ని చూడనివ్వకుండా మన మనసులో ఏది అడ్డుపడుతుందో ఎవరూ నేర్పరు. నాకు అడ్డుపడింది అసూయ. ఈ మాట కాగితం మీద పెట్టడానికి రిటైరయ్యేదాకా ధైర్యం రాలేదు.

చీటీలు చింపే విద్య

చదువు అయ్యాక నా మొదటి ఉద్యోగం నెల్లూరులో ఒక పెద్ద చర్మవైద్యుడి దగ్గర. మంచి చెయ్యి ఆయనది. మచ్చను చూసి జబ్బు పేరు చెప్పేవాడు. ఆయనకొక అలవాటుండేది. రోగి ఇంకో డాక్టరు రాసిన చీటీ తెస్తే, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, "ఎవురయ్యా ఈ మహానుభావుడు?" అని, రోగి కళ్ల ముందే చింపి బుట్టలో వేసేవాడు. గది అంతా నవ్వేది. రోగి కూడా నవ్వేవాడు.

ఒకసారి, ఎందుకలా చేస్తారని అడిగాను.

"అబ్బయా, రోగి ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టుకోని వస్తాడు. అక్కడి కాలు తీపించకపోతే నీ మందు పని చెయ్యదు" అన్నాడు.

అది గొప్ప వైద్య రహస్యమనుకున్నాను. ఆత్మకూరులో సొంతంగా గది తీసుకున్నప్పుడు టేబులూ చెత్తబుట్టా ఒకే రోజు కొన్నాను. చింపడం చూడటానికే చీటీలు తెచ్చేవాళ్లు కూడా తయారయ్యారు. నేను చింపినవాటిలో ఎక్కువ భాగం అక్కర్లేని ఇంజెక్షన్లు, అక్కర్లేని ఆయింటుమెంట్లే అయి ఉంటాయి. ఎవరికీ నష్టం జరగలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. ముప్పై ఏళ్లు ఎవరికీ దెబ్బ తగలకపోతే చెడ్డ అలవాటు కూడా పనితనం లాగే కనిపిస్తుంది.

గురువారం తూకం

బరువు తగ్గించే విభాగం పెట్టాక ప్రతి గురువారం తూకం ఉండేది. మెషీను హాల్లో, అందరికీ కనపడేలా పెట్టాను. మా క్లినిక్‌లో మొదటి నుంచీ పనిచేసిన మస్తానమ్మ కిలోలు పైకి చదివేది. తగ్గినవాళ్లకు అందరూ చప్పట్లు కొట్టేవాళ్లు. బాగా తగ్గినవాళ్ల ఫొటోలు, అప్పుడు ఒకటి ఇప్పుడు ఒకటి, గోడకు అంటించేవాళ్లం. తగ్గనివాళ్లను నేను ఆట పట్టించేవాణ్ణి.

"ఏమ్మా, నువ్వు బిరియానీని తిన్నావా, బిరియానీ నిన్ను తిన్నదా?"

వాళ్లూ నవ్వేవాళ్లు. నవ్వారు గదా, బాధ లేదనుకున్నాను. ఆ గోడ వైపు ఆడవాళ్లు ఎలా చూసేవాళ్లో నాకు తెలుసు. పక్క చేనుకు ముందు కాలవ నీళ్లు పారితే గట్టు మీద నిలబడి చూస్తారే, అలా. ఆ చూపే వాళ్లను మళ్లీ గురువారానికి తెస్తుందని కూడా తెలుసు. మన పని సగం ఆ చూపు మీదే నడుస్తుంది. మీరు చేరిన నెలలోనే ఈ సంగతి మీకు అర్థమవుతుంది. దాన్ని వాడుకుంటారా లేదా అన్నదే మీ చేతిలో ఉంటుంది. నేను వాడుకున్నాను.

ఆ రోజుల్లోనే డాక్టర్ నస్రీన్ నా దగ్గర జూనియర్‌గా చేరింది. ఉదయగిరి అమ్మాయి. వాళ్లమ్మ కొయ్య గరిటెలు చెక్కుతుంది. నస్రీన్ చర్మవైద్యం చదివి వచ్చింది, నాకంటే కొత్త సంగతులు తెలుసు, మాట సూటిగా ఉంటుంది. ఒక్కో రోగి దగ్గర అరగంట కూర్చునేది. నేను తలుపు కొట్టేవాణ్ణి.

"నస్రీనమ్మా, బయట పదిమంది ఉండారు."

"ఉండారు సార్. ఈమె కూడా ఉండాది."

మా గోడ మీద అన్నిటికంటే మంచి ఫొటో సుబ్బరత్నది. బస్టాండు దారిలో బట్టలు కుడుతుంది. ఎనిమిది నెలల్లో పదకొండు కిలోలు తగ్గింది. ఫొటోలో నేను ఆమె చెయ్యి పట్టుకుని కెమెరా వైపు ఎత్తి చూపిస్తుంటాను. ఒకరోజు నస్రీన్ నా గదికి వచ్చింది.

"సార్, సుబ్బరత్నక్క ఫొటో తీసేద్దాం."

"ఎందుకు?"

"తిన్నదంతా దొడ్లోకి పోయి వేలు పెట్టి కక్కుకుంటా ఉండాది సార్. వేలి కణుపుల మీద పంటి గాట్లుండాయి. మీరు చూడలా?"

నేను పట్టుకుని పైకెత్తిన చెయ్యి అదే. ఆ క్షణంలో డాక్టరనేవాడు అడగాల్సింది, ఆమె ఎలా ఉంది అని. నా నోటి నుంచి వచ్చింది వేరే.

"నీకెందుకు చెప్పింది?"

నస్రీన్, "అడిగినాను సార్. అందుకని చెప్పింది" అంది.

ఎనిమిది నెలలు నా దగ్గరికి వచ్చి, నాకు చెప్పని మాట ఈ పిల్లకు పది నిమిషాల్లో చెప్పింది. అది నాకు మింగుడు పడలేదు. సుబ్బరత్నను పిలిపించి, మస్తానమ్మ ముందు, నస్రీన్ ముందు, నిలబెట్టి అడిగాను. అలా అడిగితే ఎవరు మాత్రం అవునంటారు? "అట్టాంటిదేం లేదు సార్, గ్యాసు పట్టింది" అంది తల వంచుకుని. "చూశావా?" అన్నాను నస్రీన్‌తో. ఫొటో గోడ మీదే ఉంది. సుబ్బరత్న మళ్లీ రాలేదు. నస్రీనే ఆమెను నెల్లూరు తీసుకెళ్లి చూపించిందని తర్వాత తెలిసింది. నెల తిరిగేసరికి నస్రీన్ కూడా మానేసింది.

ఉదయగిరి బస్సు

నస్రీన్ ఉదయగిరిలో రెండు గదులు తీసుకుని సొంతంగా పెట్టుకుంది. అప్పటిదాకా ఆ వైపు చర్మం జబ్బులన్నీ బస్సెక్కి నా దగ్గరికే వచ్చేవి. మా క్లినిక్ గేటు ముందే ఆ బస్సు ఆగుతుంది. బస్సు వచ్చే వేళకు నేను గేటు దగ్గరికి వెళ్లి నిలబడటం మొదలుపెట్టాను. గాలి కోసమని నాకు నేనే చెప్పుకున్నాను.

మస్తానమ్మ ఊరుకునే మనిషి కాదు.

"ఏంది సార్, చుట్టాలొస్తా ఉండారా?"

"ఎవరూ లేరు."

వారం తర్వాత ఆమే వచ్చి చెప్పింది. "ఈ పొద్దు ముగ్గురే దిగినారు సార్. ఒకామె కూరగాయలకి, ఇద్దరు బ్యాంకుకి. ఎండ తగులుతా ఉండాది, మీరు లోపలికి రాండి."

ఒకసారి పెళ్లి వంకతో ఉదయగిరి వెళ్లి ఆమె క్లినిక్ ముందు నుంచి నడిచాను. లేజరు లేదు. గోడ మీద ఫొటోలు లేవు. ఒక బెంచీ, తలుపుకు పచ్చ తెర, అంతే. లోపలి నుంచి ఒకామె కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. ముఖం మాత్రం తేలికగా ఉంది. చేతిలో మందుల సంచీ లేదు. ఆ ఖాళీ చెయ్యి నాకు చాలా రోజులు కళ్ల ముందు తిరిగింది. మందు ఇవ్వకుండా ఒక మనిషిని అంత తేలిక చేసి పంపడం ముప్పై ఏళ్లలో నాకెప్పుడూ చేతకాలేదు. అది చేతకాలేదని ఒప్పుకోవడానికి బదులు ఇంకా పెద్ద లేజరు తెప్పించాను. "ముచ్చట్లకైతే ఉదయగిరి పోండి, మందుకైతే ఇక్కడికి రాండి" అని రోగులతో అనేవాణ్ణి. ఆ మాట ఆమె దాకా వెళ్లిందని తెలుసు. ఆమె తిరిగి ఏమీ అనలేదు. అప్పుడప్పుడూ ఏదైనా కేసులో సలహా కోసం ఫోన్ చేసేది. నేను ఎత్తడం మానేశాను.

మాల్యాద్రి చెంపలు

మాల్యాద్రిది ఉదయగిరి కొండ కింద చిన్న పల్లె. తండ్రి పోయాడు. తల్లి పెంచలమ్మ గొర్రెల్ని, మేకల్ని మేపుతుంది. ఆ జీవాలే వాళ్లకు ఆధారం. అతను డిగ్రీ చదివి ఉదయగిరిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేవాడు. చిన్నప్పుడు అతని కాళ్ల నిండా పుండ్లు పడితే మాన్పింది నేనే. అప్పట్లో వారానికొకసారి ఉదయగిరి వెళ్లి చూసేవాణ్ణి. ఆ సంగతి నేను మరిచిపోయాను. పెంచలమ్మ మరిచిపోలేదు.

ఆ రోజు తల్లీ కొడుకూ కలిసి వచ్చారు.

"బాగుండారా అయ్యా? వీడు మాల్యాద్రి. మీరు కాళ్లు బాగు చేసినోడే."

"ఇప్పుడేంది వీడికి?"

"ముఖం బాలేదంటాడయ్యా. నాకైతే వాళ్ల నాయన ముఖమే కనపడతా ఉండాది. బడికి పోయేది మానేసినాడు. ఇంట్లోంచి బయటికే రాడు."

మాల్యాద్రి జేబులోంచి కవరు తీసి రెండు చేతులతో ఇచ్చాడు. "నస్రీన్ మేడం ఇచ్చినారు సార్. మీ చేతికే ఇమ్మన్నారు."

"ఏమంది మీ మేడం?"

"లేజరు చెయ్యనన్నారు సార్."

"చెయ్యనందా, చేతకాదందా?"

తలుపు దగ్గర మస్తానమ్మ నవ్వింది. మాస్కు వెనక కుర్రవాడు కూడా నవ్వినట్టనిపించింది. ఆ ఊపులోనే కవరు చింపాను.

"చీటీ చూడరా సార్?"

"నీ ముఖం నా ముందర ఉండాది గదరా. ఇంక చీటీ ఎందుకు?"

అతను మాస్కు తీశాడు. ఒక్కో చెంప మీద రెండు పాత మొటిమ గుంటలు. ఆ వయసు పిల్లల్లో సగం మందికి ఉండేవే. అంతకు మించి నాకేమీ కనపడలేదు. అతను వేలు పెట్టి చూపించాడు. "ఇక్కడ సార్. ఈ పక్క నుంచి వెలుతురు పడితే కనపడతాది." ఫోన్ తీశాడు. దాని నిండా ఫొటోలు, అన్నీ చెంపలే. ఒక్క దానిలో కూడా పూర్తి ముఖం లేదు.

అక్కడ ఆగాల్సింది. కళ్ల ముందు లేని లోపాన్ని ఒక మనిషి వందల ఫొటోల్లో వెతుకుతున్నాడంటే జబ్బు చర్మంలో లేదని తెలియడానికి పెద్ద చదువు అక్కర్లేదు. కానీ నా ఆలోచన వేరే దారిలో ఉంది. ఆమె కాదన్న కేసు ఇది. వీడు నున్నటి చెంపలతో ఉదయగిరి వీధిలో నడిస్తే, ఆ పచ్చ తెర ముందు నుంచి నడిస్తే, అందరూ అడుగుతారు ఎక్కడ చేయించావని. అతని ముఖాన్ని నా బోర్డుగా ఆ ఊరికి పంపాలనుకున్నాను.

ముందు చర్మం పొర ఊడేలా యాసిడ్ పూత పూశాను. తర్వాత సూదుల రోలరు. తర్వాత లేజరు. ప్రతిసారీ నాలుగైదు రోజులు సంబరంగా ఉండేవాడు. ఆ తర్వాత కొత్త చోటు దొరికేది. ఒకసారి నుదురు, ఒకసారి ముక్కు పక్క. రమ్మన్న తేదీకి పది రోజుల ముందే వచ్చి బెంచీ మీద కూర్చునేవాడు. అది నా మీద నమ్మకమనుకున్నాను. అది జబ్బు లక్షణం.

"చూసినావా, ఉదయగిరోడు నాకాడికే వస్తా ఉండాడు" అన్నాను ఒకసారి మస్తానమ్మతో.

"వస్తా ఉండాడు, సరే సార్. తగ్గుతా ఉండాదా?"

ఇంకొకరోజు లేజరు బల్ల మీద పడుకుని, పైకప్పు చూస్తూ మాల్యాద్రే అన్నాడు. "ఈసారి కూడా పోకపోతే ఇంక నేనెందుకు సార్." మాట వరసకు అన్నాడనుకుని, "ఛీ, మగపిల్లోడివి, ఏం మాటలురా అవి" అన్నాను. అతను సారీ చెప్పాడు. నేను కళ్లద్దాలు సర్దుకుని పని మొదలుపెట్టాను.

చివరి లేజరుకు ఎడమ చెంప మీద నల్లటి మచ్చ పడింది. మన రంగు చర్మానికి, మన ఎండలకు, అలా పడుతుంది. మూడు నెలల్లో పోతుందని చెప్పాను. వైద్యపరంగా అది నిజమే. అతని దగ్గర మూడు నెలలు లేవు.

ఆసుపత్రి వరండాలో

ఒక మధ్యాహ్నం పెంచలమ్మ జీవాలను తోలుకుని ఇంటికి వచ్చేసరికి తలుపుకు లోపల గడియ వేసి ఉంది. అతను ఏం చేసుకున్నాడో రాయను. అలాంటివి రాయకూడదని కూడా ఈ వయసులో నేర్చుకున్నాను. చుట్టుపక్కలవాళ్లు తలుపు పగలగొట్టి ఆటోలో ఉదయగిరికి, అక్కడి నుంచి నెల్లూరుకు చేర్చారు. మస్తానమ్మకు ఎవరో ఫోన్ చేస్తే నాకు తెలిసింది. వెంటనే బయలుదేరాను.

వరండాలో పెంచలమ్మ నేల మీద కూర్చుని ఉంది. పక్కనే నస్రీన్. పెంచలమ్మ తల ఆమె భుజం మీద ఉంది. నేను పది అడుగుల దూరంలో ఆగిపోయాను. అప్పుడు నా మనసులోకి మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పాలి. లోపల పిల్లవాడు ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు. నేను మాత్రం, కాళ్లు మాన్పింది నేనైతే ఈమె ఆ పిల్ల భుజం మీద వాలింది గదా అనుకున్నాను. నన్ను నేను ఇంతకంటే తగ్గించుకుని రాయలేను. కానీ జరిగింది ఇదే.

పెంచలమ్మ తలెత్తి నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"అయ్యా, ఆ చీటీలో ఏం రాసినాదయ్యా ఈయమ్మ?"

నస్రీన్ ఆమెను చూసింది, నన్ను చూసింది.

"సార్, మీరు చదవలేదా?"

తల అడ్డంగా ఊపాను. చీటీ ఎవరికి రాసినా ఫొటో తీసి పెట్టుకోవడం ఆమె అలవాటు. ఫోన్‌లో వెతికి నా చేతికి ఇచ్చింది. అందులో ఉన్నది ఇది.

"సార్, మాల్యాద్రి అనుమతితోనే ఇది రాస్తున్నాను. అతని ముఖంలో చికిత్స చేయాల్సిన లోపం నాకు కనిపించలేదు. రోజుకు నాలుగైదు గంటలు అద్దం ముందే గడుపుతున్నాడు. బతకాలని లేదని నాతో రెండుసార్లు అన్నాడు. నెల్లూరులో మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్దామంటే, పిచ్చివాడంటారని ఒప్పుకోవడం లేదు. మీరు చెబితే వింటాడు. చిన్నప్పుడు కాళ్లు మాన్పింది మీరని వాళ్లమ్మ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. దయచేసి ముఖం మీద చెయ్యి వేయకండి. సోమవారానికి అక్కడ టైము తీసుకున్నాను. నేను ఒప్పించలేకపోయాను. మీరు ఒప్పించగలరు."

ఆమె చేతకాక పంపిందనుకున్నాను. నా వల్ల అవుతుందని పంపింది.

"ఫోన్ కూడా చేసినాను సార్. మూడు తూర్లు."

"చూశాను."

"పంపేముందు వాడి చేత మాట తీసుకున్నాను. పెద్ద సార్ ఏం చెబితే అది చేస్తావా అంటే, చేస్తానన్నాడు."

అతను మాట నిలబెట్టుకున్నాడు. నేను లేజరన్నాను, చేయించుకున్నాడు. నెల్లూరు అని ఉంటే నెల్లూరు వెళ్లేవాడు.

మూడో రోజు మాల్యాద్రి కళ్లు తెరిచి వాళ్లమ్మతో మాట్లాడాడు. ఆ మాట విన్నాక వరండాలో కుర్చీ వెతుక్కుని కూర్చున్నాను.

కుర్చీలో కూర్చున్న మనిషి

ఇప్పుడు మీకు చెప్పదలచినది చెబుతాను. ఎవరైనా వచ్చి ముక్కు బాలేదు, చర్మం బాలేదు, నడుము బాలేదు అంటే, అది చూసేముందు వాళ్లతో ఒంటరిగా కూర్చోండి. రోజుకు ఎంతసేపు అద్దం చూస్తున్నారో అడగండి. దీనివల్ల ఏమేం మానేశారో అడగండి. బడి మానేశారా, పెళ్లిళ్లకు పోవడం మానేశారా, నలుగురిలో తినడం మానేశారా? ఇది బాగైతే తర్వాత ఏం మారుతుందనుకుంటున్నారో అడగండి. జవాబులో బతుకంతా మారిపోతుందని వినపడితే మెషీను దగ్గరికి వెళ్లకండి. ఇంతకు ముందు ఎన్ని చోట్ల చేయించుకున్నారో, అవి ఎందుకు నచ్చలేదో వినండి. బరువు కోసం వచ్చినవాళ్లను, ఎంత తిన్నారన్నదే కాదు, తిన్న తర్వాత ఏం చేస్తారని కూడా మెల్లగా అడగండి. వేగంగా తగ్గినవాళ్లకు చప్పట్లు కొట్టే ముందు వాళ్ల వేళ్లు చూడండి, పళ్లు చూడండి.

బతకాలనిపిస్తోందా లేదా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని నేను భయపడ్డాను. అది అబద్ధపు భయం. అడిగితే, ఇన్నాళ్లకు ఒకరు అడిగారని వాళ్లకు ఊరట కలుగుతుంది. లేదు అని జవాబు వస్తే ఒంటరిగా ఇంటికి పంపకండి. వాళ్ల ఎదుటే కూర్చుని, మానసిక వైద్యుడికి మీరే ఫోన్ చేయండి. ఇంట్లోవాళ్లలో వాళ్లకు ఎవరి మీద నమ్మకమో అడిగి, ఆ మనిషిని పిలిపించండి. పిచ్చి అన్న మాట మీ క్లినిక్‌లో ఎవరి నోటా రాకూడదు, హాస్యానికైనా సరే.

ఇంకొకటి మీ గురించి. పక్క క్లినిక్ రోగి మీ దగ్గరికి వచ్చినందుకు మీకు లోపల సంతోషం కలిగితే, ఆ రోగి మీద చెయ్యి వేయకండి. ముందు ఆ డాక్టరుకు ఫోన్ చేయండి. నాకు అసూయ ఇప్పటికీ పోలేదు. నస్రీన్ వీధిలో నడుస్తుంటే జనం ఆగి పలకరిస్తారు. అప్పుడు నాలో ఏదో ముడుచుకుంటుంది. దాన్ని ఇప్పుడు గుర్తుపడతాను. అంతవరకే మారాను.

కిటికీ పక్క సీటు

నెల్లూరు నుంచి తిరిగొచ్చిన మరునాడే గోడ మీది ఫొటోలన్నీ తీసి ఎవరివి వాళ్లకు ఇచ్చేశాను. సుబ్బరత్న ఇంటికి నేనే వెళ్లాను. కుట్టుమిషను ఆపకుండానే ఫొటో తీసుకుంది. "ఇప్పుడు తింటా ఉండాను సార్. తూకం మాత్రం ఎక్కను" అంది. క్షమించమని అడిగాను. దారం తెంపుతూ తల ఊపింది. తూకం మెషీను లోపలి గదిలోకి మార్చాను. మస్తానమ్మ కిలోలు పైకి చదవడం మానేసింది. ఆ ఏడాది చివర క్లినిక్ మూసేశాను.

నస్రీన్ దగ్గరికి వెళ్లి, నేనేం చెయ్యాలో చెప్పమన్నాను.

"నాకు సారీ చెప్పి ఏం లాభం సార్? మాల్యాద్రికి చెప్పండి."

"వింటాడా?"

"ముఖ్యం వాడు వినేది కాదు సార్. మీరు చెప్పేది."

మాల్యాద్రి నెలకోసారి నెల్లూరులో మానసిక వైద్యుడికి చూపించుకోవాలి. జీవాలను వదిలి పెంచలమ్మ ప్రతిసారీ రాలేదు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు మీదుగా నెల్లూరు పోయే అదే బస్సును ఆత్మకూరులో ఎక్కి నేను తోడు వెళ్తానని అడిగాను. ఒప్పుకుంది. అతనూ కాదనలేదు. మొదటి రెండు నెలలూ వానల గురించి, సోమశిల డ్యాములో నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. అసలు మాట నేను ఎత్తలేదు. మూడో నెలకు నాలుగు పేజీలు రాసి కవరులో పెట్టుకుని ఎక్కాను. బస్సు ఆత్మకూరు దాటాక అతని చేతికి ఇచ్చాను. రెండు వైపులా తిప్పి చూశాడు.

"ఏంది సార్ ఇది?"

"నేను చేసిన తప్పు. రాశాను."

కవరు తిరిగి నా ఒళ్లో పెట్టాడు. "చీటీలొద్దు సార్. నోటితో చెప్పండి."

దారిలో సంగం ఊరు వచ్చేదాకా చెప్పాను. చీటీ చింపానని అతనికి తెలుసు. ఎందుకు చింపానో తెలియదు. అసూయతో చింపానని, అతని చెంపల్లో నాకు ఏ లోపమూ కనపడలేదని, కనపడలేదని తెలిసే లేజరు పెట్టానని చెప్పాను. అతను కిటికీలోంచి వరి పొలాలు చూస్తూ విన్నాడు.

"అసూయా సార్? మీకా?"

"నాకే."

"ఎవుర్ని చూసి?"

"నస్రీనమ్మని."

నా వైపు తిరిగాడు. మాస్కు గడ్డం కిందికి జారింది, సర్దుకోలేదు.

"ఆయమ్మకాడ లేజరే లేదు గదా సార్."

ఇద్దరం నవ్వాం. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను చూసి, మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు. నెల్లూరులో డాక్టరు గది ముందు దిగబెట్టి, బయటికి వచ్చేదాకా కూర్చున్నాను.

తర్వాతి నెల ఉదయగిరి బస్సు వచ్చే వేళకు పాత క్లినిక్ గేటు దగ్గర నిలబడ్డాను. పక్కింట్లో ఉంటున్న మస్తానమ్మ అరుగు మీద నుంచి కేక వేసింది. "ఏంది సార్, చుట్టాలొస్తా ఉండారా?"

"వస్తా ఉండారు" అన్నాను.

బస్సు కిక్కిరిసి ఉంది. మెట్ల దాకా జనం. తోసుకుంటూ లోపలికి వెళ్తే, మాల్యాద్రి నడవా వైపు కూర్చుని ఉన్నాడు. కిటికీ పక్క సీటులో అతని చేతిరుమాలు పరిచి ఉంది. ఉదయగిరి నుంచి ఆ సీటు ఖాళీ లేదని ఎంతమందికి చెబుతూ వచ్చాడో. నన్ను చూసి రుమాలు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. మోకాళ్లు పక్కకు తిప్పి నాకు దారి ఇచ్చాడు.

వెళ్లి కూర్చున్నాను.